ఎవరి తాలూకు

గ్రిమ్స్‌బీలో రాత్రి రెండింటికి కూడా చేపలకు సెలవుండదు.
బెల్టు మీద వరసగా తెల్లటి ముక్కలు,
వాటికి రొట్టె పొడి తొడిగే యంత్రం,
ఆ యంత్రానికి మేము.
తలకు నీలం వల, మూతికి గుడ్డ, మోచేతుల దాకా గ్లోవ్స్.
కళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళవి.

రెండుంబావుకి క్యాంటీన్లో మూతులు విప్పగానే
మొదలవుతుంది రేవు కాపరి గొడవ.

ఏడేళ్ళుగా సాగుతున్న అంతరిక్ష కథ.
శనిగ్రహం కాదు, అలాంటిదే ఇంకేదో, దాని వలయం అంచున
బూడిద రంగు శిరస్త్రాణంతో ఒకరు నిలబడి ఉంటారు.
వచ్చే ఓడను చూస్తారు.
చెయ్యెత్తితే దారి. ఎత్తకపోతే లేదు.
మొహం చూపించరు. పేరు చెప్పరు.
ఆడో మగో తేలక నేను "రు" వాడుతున్నాను,
మన భాషలో మర్యాద ఒక సదుపాయం.

కెప్టెన్ తండ్రే వాడు, అంటుంది షెరిల్.
రెండో సీజన్లో తలుపు ముందు ఎడం కాలు ఆన్చి ఆగాడు,
కెప్టెన్ కూడా అచ్చం అలాగే ఆగుతాడు.
(షెరిల్ నాన్న ట్రాలర్ ఎక్కి ఐస్‌లాండ్ వైపు వెళ్ళినవాడు.
ఆ సంగతి తను చెప్పలేదు. మాటల మధ్యలో జారిపడింది.)
రిమాంటస్ నవ్వి, మనిషే కాదు పొమ్మంటాడు.
ఊపిరి తీస్తే అద్దం మీద ఆవిరి పట్టాలి కదా, ఎక్కడైనా పట్టిందా?
ఫోనులో బొమ్మ ఆపి, పెద్దది చేసి, అందరికీ తిప్పుతాడు.
ఆవిరి లేదు. నిజమే. గీతలున్నాయి.
కొత్తగా చేరిన ఒమొలారా మాత్రం
చచ్చిపోయిందనుకున్న కవల చెల్లెలేనని
టీ కప్పు మీద చెయ్యేసి ఒట్టేస్తుంది.

మా మేనత్త ఏలూరులో రైలెక్కితే
ఎదుటి సీటు మనిషిని
"ఎవరి తాలూకండీ మీరు?" అని అందుకుని
తాడేపల్లిగూడెం వచ్చేలోపు
వాళ్ళ వియ్యపురాలి పుట్టింటి దాకా తవ్వేసేది.
తెగిన చోట తనే ముడేసేది.
తాలూకు దొరక్కపోతే ఆ రాత్రి అన్నం సయించేది కాదు.
ఇక్కడా అంతే.
చుక్కల అవతల నిలబడ్డవాళ్ళకైనా
ఒక నాన్న ఉండాలి, ఒక చెల్లెలుండాలి,
అధమపక్షం తయారుచేసిన కంపెనీ ఉండాలి.

నువ్వు చెప్పు, అన్నారు ఒక రాత్రి.
ఎవరూ కారేమో, అన్నాను.
ఎవరికీ ఏమీ కారు.
ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుని వచ్చిన మనిషి.
క్యాంటీనంతా నా మీద లేచింది.
ఏడేళ్ళు చూసింది దీనికా, అంది షెరిల్
బిస్కెట్ ప్యాకెట్ నా ముందు నుంచి లాక్కుంటూ.

ఆఖరి భాగం శుక్రవారం.
గురువారం పందెం డబ్బా తిప్పారు, మనిషికో పౌను.
నాన్నకి తొమ్మిది, యంత్రానికి నాలుగు, చెల్లెలికి మూడు,
"ఎవరూ కారు"కి ఒకటి, అది నాదే.

డబ్బా పట్టుకుని గడ్డగది దాకా వెళ్ళాను,
అక్కడ కూడా ఒకాయన ఉంటాడు కాబట్టి.
మైనస్ ఇరవై రెండు. టీకి రాడు.
ఆ కోటు విప్పి మళ్ళీ తొడుక్కోవడానికే బ్రేకు చాలదు.
పదకొండు నెలలుగా ఒకే రేకుల కింద పనిచేస్తున్నాం.
ఆయన ఎవరని
ఒక్కరమూ, ఒక్క రాత్రీ,
ఒక్క ఊహైనా ఖర్చు పెట్టలేదు.

తలుపు తెరుచుకుంది. పొగలాంటి చలి.
దాని వెనక టోపీ, ముసుగు, కనుబొమల మీద తెల్లటి నూగు.
డబ్బా చూపించి సంగతి చెప్పాను.
గ్లోవ్ విప్పడానికి చాలాసేపు పట్టింది.
నాణెం వేసి
"వాళ్ళమ్మ" అన్నాడు.
ఎవరమ్మ అని అడిగేలోపు తలుపు పడిపోయింది.
కాగితం మీద కొత్త గడి గీశాను: అమ్మ, ఒకటి.

శుక్రవారం ముసుగు తీయనే లేదు.
వచ్చే ఏడాదట.
షెరిల్ ఎవరితోనూ మాట్లాడటం లేదు,
రిమాంటస్ ఫోను బయటికి తీయడం లేదు.
పద్దెనిమిది పౌన్లూ నా లాకర్లో ఉన్నాయి.

సోమవారం, బెల్టు ఏదో పట్టేసి ఆగినప్పుడు
గడ్డగది తలుపు సందు చేసుకుని
ఆయనే తల బయటపెట్టాడు.
అంత దూరం నుంచి, నన్నే.
"చెయ్యెత్తారా?"
ఎత్తారన్నాను.